న్యాయవాదికి దండనము: తప్పును తూచు విధము

  

ఈ వార్షిక మహాసభయందు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మూడు దశాబ్దములకు పైగా పిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించినవారము గనుక మరల బడిమాటయే చెప్పుదుమని వారు తలచియుందురు. మేము మాత్రము న్యాయవాదుల తప్పులను గూర్చియు, ఆ తప్పులకు దండనము నిర్ణయింపబడు విధమును గూర్చియు ప్రసంగింప నిశ్చయించుకొంటిమి. వకీలు కానివానికి ఈ విషయముతో నేమి పని యని మీ రడుగవచ్చును. పని గలదు. అందులకు కారణములు మూడు. మొదటి రెండును ఇప్పుడే విన్నవించెదము. మూడవది తుదిని చెప్పెదము.

మొదటి కారణము మన ముంగిటనే యున్నది. 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము మన శామీర్‌పేటలోనే వెలసియున్నది. అందును, నగరములోని యితర కళాశాలలయందును మన బిడ్డలు న్యాయశాస్త్రము చదువుచున్నారు. వారిలో కొందరికి ఈ సంఘమే విద్యార్థివేతనము లిచ్చుచున్నది. నల్లకోటు తొడిగించుటకు ధనమిచ్చిన మనము, ఆ కోటునకు మచ్చ యెట్లు పడునో, పడినచో నేమగునో వారికి ముందుగా చెప్పవలసినవారము.

రెండవ కారణము మన నేల. ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. 2016 అక్టోబరు 11వ తేదీన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. ద్రాక్షతోటలును వరిమళ్లును ఇండ్లస్థలములైనవి. ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినచోట అన్నదమ్ముల పంపకమును, సరిహద్దురాయియు, పాసుపుస్తకములోని పేరును, రోడ్డుక్రింద పోయిన పొలమునకు రావలసిన పరిహారమును, అన్నియు వ్యాజ్యములే యగుచున్నవి. కోర్టులో ఓడినవాడు అక్కడనే యేడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చును అని మన పెద్దలు చెప్పుదురు. గెలిచినవాని యేడ్పునకు కారణము కొన్నిచోట్ల ఎదుటి కక్షి గాడు, తాను నమ్మిన వకీలే.

ఇట్లనుటచే ఆ వృత్తిని దూషించుచున్నామని తలపవలదు. నిజాము కాలమున ఈ తెలంగాణమునందు గ్రంథాలయములు నెలకొల్పి, ఆంధ్రమహాసభను నడిపి, మాట్లాడుటకు వెఱచు జనులకు నోరిచ్చినవారిలో మాడపాటి హనుమంతరావుగారును, బూర్గుల రామకృష్ణారావుగారును వకీళ్లే. అట్టివారు గౌరవము తెచ్చిన వృత్తి గనుకనే అందలి తప్పు చిన్నదిగా కనబడదు.

ఒక విషయము యోచింపుడు. కిరాణాకొట్టువాడు తూకమున మోసము చేసిన పక్కకొట్టునకు పోవచ్చును. కోర్టులో మాత్రము సామాన్యునికి బదులుగా వాదించు హక్కు సనదు గల న్యాయవాదికే చట్టము కట్టబెట్టినది. వకాలత్‌నామాపై వ్రేలిముద్ర వేసిననాడు రైతు తన పొలమును, తన నోటిని ఒకని చేతిలో పెట్టుచున్నాడు. ఆ భాష వానికి తెలియదు. వాయిదా యేల పడినదో తెలియదు. ఇంతటి గుత్తహక్కును లోకము ఒక వృత్తికి ఇచ్చినప్పుడు, దానికి తగిన కట్టుబాటును గూడ కోరుట న్యాయము. 1984లో సుప్రీంకోర్టు ఈ యభిప్రాయమునే మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన యొక వ్యాజ్యమున వెల్లడించినది. ఆ కథను ముందు చెప్పెదము.

దండించు అధికారము ఎవరిదో మొదట తెలియవలయును. బ్రిటిషువారి యేలుబడిలో 1879వ సంవత్సరపు లీగల్ ప్రాక్టీషనర్సు చట్టము, తరువాత 1926వ సంవత్సరపు బార్ కౌన్సిళ్ల చట్టము ఉండెను. అప్పుడు సనదు తీసివేయు అధికారము హైకోర్టులదే. స్వతంత్రము వచ్చిన పిదప 1961లో అడ్వకేట్ల చట్టము పుట్టి, ఆ యధికారమును న్యాయవాదులే యెన్నుకొను బార్ కౌన్సిళ్లకు అప్పగించినది. మన రాష్ట్రమునకు తెలంగాణ బార్ కౌన్సిలు గలదు. దాని కార్యాలయము హైదరాబాదులో హైకోర్టు ఆవరణమునందే యున్నది. ఫిర్యాదు అందినపుడు, అందు నిజమున్నదని నమ్ముటకు కారణము కనబడినచో, కౌన్సిలు దానిని ముగ్గురు సభ్యులు గల క్రమశిక్షణసంఘమునకు పంపవలయును. ఆ సంఘము సాక్షులను పిలిపించి, న్యాయవాది చెప్పుకొనునది విని, తీర్పు చెప్పును. ఆ తీర్పు నచ్చనివారు 60 దినములలో భారత బార్ కౌన్సిలునకును, అటుపైన మరల 60 దినములలో సుప్రీంకోర్టునకును అప్పీలు చేసికొనవచ్చును. రాష్ట్ర సంఘము సంవత్సరములోగా తేల్చనిచో ఆ ఫిర్యాదు భారత బార్ కౌన్సిలునకు పోవలెనని గూడ చట్టమున గలదు. ఈ సంగతి మనవారిలో ననేకు లెరుగరు.

1961 చట్టములోని 35వ విభాగము ననుసరించి సంఘము చేయదగిన పనులు నాలుగే. ఫిర్యాదును కొట్టివేయుట. మందలించుట. కొంతకాలము సనదును నిలిపివేయుట. జాబితానుండి పేరునే తొలగించుట. సంస్కృతము చదివిన మాకు ఇది క్రొత్తగా తోచలేదు. మనుస్మృతియందును యాజ్ఞవల్క్యస్మృతియందును దండము నాలుగు విధములు: వాగ్దండము, ధిగ్దండము, ధనదండము, వధదండము. మాటతో చెప్పుట మొదటిది. ఛీ యని నలుగురిలో గర్హించుట రెండవది. న్యాయవాదికి మందలింపు ఈ రెండిటికిని సాటి. సనదు నిలిపినచో రాబడి నిలుచును గనుక అది ధనదండమువంటిది. పేరు కొట్టివేయుట ఆ వృత్తిలో వానికి మరణము.

దండమును ఎట్లు తూచవలెనో గూడ యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. అపరాధము, దేశము, కాలము, బలము, వయస్సు, కర్మము, విత్తము, వీని నెఱిగి దండింపవలెనని ఆ మహర్షి మతము. ఐతే ఒక మాట దాచరాదు. ఆ స్మృతులే తప్పు చేసినవాని వర్ణమును బట్టి దండమును తగ్గించినవి, పెంచినవి. అది వాని లోపము. నేటి చట్టము తూకపుగుండ్లను ఉంచుకొని ఆ యొక్క గుండును పారవేసినది. ఈ మాట కులసంఘ సభలో చెప్పుటకు కారణము గలదు. తుదిని మీకే తెలియును.

ఇక కోర్టులు తూచిన విధమును కొన్ని వ్యాజ్యముల మూలమున చూతము.

పొరపాటు వేరు, దురాచారము వేరు. 1983లో ఖాండేకరుగారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ భేదమును స్పష్టపరచినది. సద్బుద్ధితో ఇచ్చిన సలహా తప్పినచో అది నేరము గాదు. తప్పని తెలిసియు ఇచ్చినదే అనుచితము. కేసు ఓడిపోయినంతమాత్రమున వకీలు దోషి కాడు. అనుమానముతో ఒకని జీవిక తీయరాదు గనుక, ఋజువు గట్టిగా నుండవలయును.

న్యాయవాదికి నియమము తెలిసియుండెనా యనునది మరియొక తూకపుగుండు. మధ్యప్రదేశమున ఒక న్యాయవాది తనకు రావలసిన ఫీజు ముట్టువరకు సహకార బ్యాంకువారి కట్టలను తిరిగి యియ్యననెను. బార్ కౌన్సిలు వానిని 18 నెలలు వృత్తినుండి నిలిపినది. 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు, కక్షిదారుని కాగితములను ఫీజుకై పట్టియుంచుకొను హక్కు న్యాయవాదికి లేదని తేల్చిచెప్పి, అంతవరకు ఆ విషయమున స్పష్టత లేకపోయినందున వానికి మందలింపుతో సరిపెట్టినది. ఆ తీర్పు వెలువడిన పిదప ఆ సందేహమును సాకుగా చెప్పుకొనుట కెవనికిని వీలులేదు.

మోసపోయినవాని దుర్బలత తప్పును బరువెక్కించును. మద్రాసున రంగదొరైగారి వ్యాజ్యము నిట్టిది. చెవులు వినబడని వృద్ధుడును, ఒక స్త్రీయు ప్రామిసరీనోట్ల బాకీకై దావాలు వేయుమని కాగితములు, సొమ్ము ఇచ్చిరి. దావాలు వేయకయే వేసినట్లు న్యాయవాది వారిని నమ్మించెను. రాష్ట్ర సంఘము 6 ఏండ్లు సనదు నిలిపినది. భారత బార్ కౌన్సిలు దానిని ఒక యేటికి తగ్గించినది. 1978లో సుప్రీంకోర్టున న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు క్రొత్తత్రోవ త్రొక్కి, మోసపోయినవారికి కొంత సొమ్ము చెల్లించి, బీదలకు ఉచితన్యాయసేవ చేయుటనే దండములో భాగముగా విధించిరి. దండము తప్పుచేసినవానిని బాగుచేయవలెనని వారి తలంపు. అట్లు తగ్గించుటకు వీలులేదని అదే ధర్మాసనమున న్యాయమూర్తి ఎ. పి. సేన్ గారు విభేదించిరి. మేము ఈ రెండు మతములను పలుమారు తలపోసితిమి. కృష్ణయ్యరుగారి దయ గొప్పది. ఐనను ఆ వృద్ధుని స్థానమున కూర్చుండి చూచినచో సేన్ గారి మాట వినబడును.

ఇప్పుడు మనవైపు వ్యాజ్యము. అది వీరభద్రరావు-టేక్‌చంద్ వ్యాజ్యమని గ్రంథములకెక్కినది. ఒక న్యాయవాది తప్పుడు ప్రమాణపత్రమును తన యెదుట చేవ్రాలు చేయబడినట్లుగా ధ్రువపరచెను. ‘ఒక్క సంతకమే గదా!’ యనునట్టి పని మన పల్లెలలో దినదినము జరుగుచున్నది. కాని ఆ సంతకమును నమ్మి అధికారులు కార్యములు చేయుదురు, ఆస్తులు చేతులు మారును. 1984లో సుప్రీంకోర్టు ఆ న్యాయవాది సనదును 5 ఏండ్లు నిలిపినది. నోటరీ బల్లకడ నిలుచుండు మన యువకులు ఈ తీర్పును మరువరాదు.

పేరు తొలగించుట ఎప్పుడు? ఉత్తరప్రదేశమున బదాయూను పట్టణపు కోర్టుగదిలోనే ఒక న్యాయవాది తన ప్రతికక్షిని కత్తితో పొడిచెను. కొన్నియేండ్ల నిలుపుదల దానికి చాలదని 1997లో సుప్రీంకోర్టు వాని పేరు జాబితానుండి కొట్టివేయించినది. దండము తప్పుతో తులతూగవలెనను సూత్రము మృదుత్వమునకే గాక కాఠిన్యమునకును వర్తించును.

జైలుశిక్ష పడిన ప్రతివాడును దుర్జనుడని గూడ అనుకొనరాదు. గాంధీమహాత్ముని పేరును 1922లో ఇంగ్లాండులోని ఇన్నర్ టెంపుల్ తన జాబితానుండి తీసివేసినది, 1988లో మరల చేర్చినది. నేటి మన చట్టము నీతిబాహ్యమైన నేరమునకు పడిన శిక్షనే ప్రత్యేకించి చూచును.

క్షమాపణకు విలువ గలదా? గలదు. ఒక బదిలీ అర్జీలో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తిపై నిందలు వ్రాసినందులకు, 2025లో సుప్రీంకోర్టు కక్షిదారునితోపాటు ఆ యర్జీపై చేవ్రాలు చేసిన న్యాయవాదులకును ధిక్కార నోటీసు లిచ్చినది. అట్టి యర్జీపై సంతకము పెట్టిన న్యాయవాదియు బాధ్యుడే యని చెప్పి, ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పుకొనుడని పంపినది. వారు చెప్పిరి, ఆ న్యాయమూర్తి మన్నించిరి. ఐనను ధిక్కారమునకు శిక్షించుట వేరు, సనదు తీయుట వేరు. ధిక్కారనేరము విచారించుచు తానే సనదును నిలుపరాదని, ఆ పని బార్ కౌన్సిలుదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనమే చెప్పినది.

పరదేశములలోను తూకము దాదాపు ఇట్టిదే. అమెరికా బార్ అసోసియేషను 1986లో ఏర్పరచిన ప్రమాణములు నాలుగు ప్రశ్నలు వేయుమనును: ఏ ధర్మము తప్పెను? ఏ బుద్ధితో తప్పెను? ఎవరికెంత హాని కలిగెను, లేక కలుగనుండెను? తప్పును పెంచునవియు తగ్గించునవియు నేమి గలవు? మొదటిసారి చేసినవాడును, తానే ఒప్పుకొన్నవాడును, సొమ్ము తిరిగి చెల్లించినవాడును కొంత తగ్గింపునకు పాత్రులు. మరల మరల చేసినవాడు, దాచినవాడు, దిక్కులేనివారిని దోచినవాడు పాత్రులు గారు. 1993లో ఇంగ్లాండు అప్పీలుకోర్టు, వృత్తియందు లోకమునకు గల నమ్మకము ఏ యొక్క సభ్యుని భాగ్యముకంటెను పెద్దదని తీర్పుచెప్పినది. మంచివాడని పదిమంది పెద్దలు వ్రాసియిచ్చు సిఫారసుపత్రములు ఇచ్చట అంతగా పనిచేయవని దాని ఫలితార్థము.

మహాశయులారా! ఇక మూడవ కారణము.

పదునేనేండ్ల క్రిందటి మాట. మా పూర్వవిద్యార్థి తల్లి, భర్త పోయినది, శామీర్‌పేట చేరువపల్లెనుండి మాయింటికి వచ్చినది. రోడ్డుక్రింద పోయిన పొలమునకు పరిహారము కోర్టులో జమయైనది. ఆమె వకీలు తెల్లకాగితములపై వ్రేలిముద్రలు తీసికొనియుండెను. సొమ్ము తెచ్చి నాలుగవ పాలు ఆమె కిచ్చి, తక్కినది కోర్టులోనే యున్నదని చెప్పెను. రెండేండ్లు తిరిగి తిరిగి, తుదకు కోర్టు గుమాస్తా నడిగిన ఆమెకు, అంతయు ఏనాడో తీసికొనబడెనని తెలిసినది. ‘సారూ, నాకు చదువు రాదు, మీరే రాసియ్యిండ్రి’ అని ఆమె యనగా మేము బార్ కౌన్సిలునకు ఫిర్యాదును మా చేతితోనే వ్రాసితిమి.

ఆ వకీలు మన కులమువాడు. పెద్దలము కూర్చుంటిమి. ‘మనవాడు, పిల్లలు గలవాడు, సనదు పోయిన నేమి కావలయును? కులము పేరేమి కావలయును?’ అనిరి. అనినవారిలో మేమును ఉంటిమి. కాగితము మడిచి జేబులో పెట్టుకొంటిమి. ఆతడు తక్కినసొమ్మును మూడు విడతలుగా వడ్డీ లేక చెల్లించెను. న్యాయము జరిగినదని చెప్పుకొని మేమందరము సంతోషించితిమి. ఆమె మాత్రము మరల మాయింటికి రాలేదు.

నాలుగేండ్లకు మేడ్చల్ ఆవలి తండానుండి ఒక లంబాడీ యువకుని కథ వింటిమి. ప్రమాదమున కాలు పోయినది. పరిహారపు సొమ్ము అదే వకీలుచేత, అదేవిధముగా, తెల్లకాగితముపై వ్రేలిముద్రతో పోయినది. వానికొరకు కూర్చుండుటకు మనవంటి పెద్దలు లేరు. వానికి మూడు విడతలు గాదు, ఒక్క విడతయు రాలేదు. ఆ వకీలు తరువాత కొలదికాలమునకే కాలధర్మము నొందెను. సనదు చివరివరకు నిర్మలముగానే యుండెను. దానిని నిర్మలముగా నుంచినవారము మేము.

మొదటి కాగితము పోవలసినచోటికి పోయియున్నచో ఏమయ్యెడిదో మేము నిశ్చయముగా చెప్పజాలము. మందలింపో, కొన్నియేండ్ల నిలుపుదలయో యై యుండును. సొమ్ము తిరిగి చెల్లించినందున దండము కొంత తగ్గియుండవచ్చును. కాని రెండవ తప్పునకు ముందు ఆతని చేతికి ఒక వెఱపు ఉండియుండును. మేము మన్నించితిమి. కాని మన్నించు హక్కు మాది గాదు. సొమ్ము పోగొట్టుకొన్నది ఆమె, ముందు పోగొట్టుకొనబోవువాడు ఆ యువకుడు. వర్ణమును బట్టి దండము తగ్గించిన స్మృతికర్తలను తరగతిగదిలో విమర్శించిన మేమే ఆ పని చేసితిమి.

కావున ఈ మహాసభకు మా విన్నపములివి.

మొదటిది: తెల్లకాగితముపై చేవ్రాలుగాని వ్రేలిముద్రగాని ఎవ్వరును వేయరాదు. ఇచ్చిన ఫీజునకు రసీదు తీసికొనుడు. కక్షిదారుని సొమ్మునకు న్యాయవాది లెక్క ఉంచవలెనని బార్ కౌన్సిలు నియమములలోనే యున్నది గనుక లెక్క అడుగుట అగౌరవము గాదు.

రెండవది: ప్రతి వ్యాజ్యమునకు 16 అక్షరాంకములు గల సి.ఎన్.ఆర్. సంఖ్య యొకటి గలదు. దానితో ఈ-కోర్టుల సేవలో వాయిదా తేదీ, ఆజ్ఞలు ఎవ్వరైనను చూడవచ్చును. చదువుకొన్న మన యువకులు ఆదివారము లందు సంఘభవనమున కూర్చుండి, చదువురాని వారికి కులభేదము లేక ఇది చూచి చెప్పవలయును.

మూడవది: వకీలు సేవాలోపము వినియోగదారుల కమిషనులో విచారింపదగినది గాదని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చినది. కావున దురాచారమునకు బార్ కౌన్సిలే ముఖ్యమైన త్రోవ. ఫిర్యాదు వ్రాయలేనివారికి వ్రాసిపెట్టుటకు మేము సిద్ధము. ఉచితన్యాయసహాయమునకు 1987వ సంవత్సరపు చట్టము క్రింద న్యాయసేవాధికారసంస్థలు గలవు. స్త్రీలకు ఆదాయపరిమితి లేకయే ఆ సహాయము దొరకును. ఐతే కేసు ఓడిన కోపముతోగాని, ఎదుటివాని వకీలు గట్టిగా వాదించెనను కసితోగాని ఫిర్యాదు చేయరాదు. అదియును అన్యాయమే.

నాలుగవది, ముఖ్యమైనది: న్యాయవాదిపై ఫిర్యాదు చేయవలదని ఈ సంఘముగాని, దీని పెద్దలుగాని, ఎవ్వరినిగాని ఒత్తిడి పెట్టరాదని తీర్మానము చేయవలయును. తప్పు చేసినవాడు మనవాడైనచో వాని బిడ్డల చదువునకు సంఘము సాయము చేయవచ్చును. వాని తప్పునకు మాత్రము చేయరాదు. విద్యార్థివేతనము పుచ్చుకొను న్యాయవిద్యార్థులకు ఈ తీర్మానమును చదివి వినిపింపవలయును.

ఆనాడు మడిచిన కాగితము ఇంకను మాయొద్దనే యున్నది. మడతలవెంట చినిగినది. దానిని నేడు తెచ్చితిమి. తీర్మానము అంగీకరింపబడినచో, దానివెంట సంఘపు కట్టలో దీనిని చేర్చుమని కార్యదర్శిగారిని వేడుకొనుచున్నాము. పేర్లు కొట్టివేసితిమి. అక్షరములు మావే.